రామదాసు కీర్తనములలో జమాఖర్చు

భద్రాచల రామదాసు కీర్తనములను గూర్చి మన విమర్శకులు ప్రధానముగా రెండు మార్గముల వ్రాయుచు వచ్చిరి. భక్తిమార్గమును ఆశ్రయించినవారు ఆయన ఆర్తిని, రామునితో ఆయనకు గల చనవును, దాస్యభక్తికి ఆయన ఇచ్చిన స్థానమును వివరించిరి. సంగీతమార్గమును ఆశ్రయించినవారు త్యాగరాజునకు పూర్వము తెలుగున నామసంకీర్తనమునకు త్రోవ చూపిన వాగ్గేయకారునిగా ఆయనను కొనియాడిరి. ఈ రెండును అవసరమైన కృషులే. కాని వీని నడుమ ఒక ప్రశ్న మిగిలియున్నది. కంచెర్ల గోపన్న స్వభావముచేత భక్తుడగుగాక, వృత్తిచేత ఆయన శిస్తు వసూలుచేసి ఖజానాకు లెక్క అప్పగింపవలసిన తహశీలుదారు. ఆ ఉద్యోగము పోయినది. దానితోపాటు స్వేచ్ఛ పోయినది, లోకమున గౌరవము పోయినది. ఇన్ని పోయిన పిదప ఆయన మరియొక మనుష్యుడై, మరియొక పేరుతో నిలిచెను. అట్లు నిలిచినపుడు పూర్వపు వృత్తి ఏమైనది? దానిని ఆయన విడిచెనా, వెంట తెచ్చుకొనెనా? ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినది ఈ ఒక్క విషయమే.

ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని సర్వమును కోల్పోయిన మానవుడు తన్ను తాను మరల ఎట్లు కట్టుకొనును అను పెద్ద ప్రశ్న దీనిలో ఇమిడియున్నది. గత జీవితమును మరచుటయే నూతన జీవితమునకు ద్వారమని సామాన్యముగా తలంతురు. సన్న్యాసి తన పూర్వాశ్రమమును తలపడు. రామదాసు కీర్తనములు చెప్పునది వేరు. గోపన్న జమాఖర్చును పారవేయలేదు. లెక్క ఎవరికి అప్పగింపవలయునో ఆ స్థానమును మాత్రము మార్చెను. పిమ్మట, క్రమముగా, కొలతను కూడ మార్చెను. ఈ రెండు మార్పులలోనే ఆయన కవిత్వమంతయు ఉన్నదని నా అభిప్రాయము.

ముందుగా జీవితమును గూర్చి నిశ్చయముగా చెప్పదగిన కొన్ని సంగతులను స్మరింతము. గోపన్న నేలకొండపల్లి వాస్తవ్యుడు. ఆత్రేయ గోత్రుడు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీ వంశమున కడపటివాడైన అబుల్ హసన్ తానీషా పాలనకాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారై, భద్రాచలమున రామాలయమును కట్టించెను. తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆయన మేనమామలనియు, వారి ప్రాబల్యముచేతనే ఆయనకు ఆ పదవి లభించెననియు ప్రసిద్ధి. ఖజానాకు చేరవలసిన ధనమును ఆలయమునకు వినియోగించెనను అభియోగముపై ఆయన గోలకొండ కోటలో బంధింపబడెను. నేటికిని ఆ కోటలో రామదాసు బందిఖానా అని చూపు కట్టడము కలదు. అది మొదట సరుకులు నిలువచేయు కొట్టుగా ఉండెడిదని చెప్పుదురు. గోడలపై చెక్కిన దేవతామూర్తులు ఆయన చేతివేయని జనులు నమ్ముదురు.

తక్కిన కథలో చరిత్రకంటె జనశ్రుతి పాలు హెచ్చు. కబీరుదాసు వచ్చి తారకమంత్రము ఉపదేశించెనందురు. కాని ప్రసిద్ధుడైన కబీరు అంతకు శతాబ్దములకు పూర్వపువాడు. కుమారుడు గంజిలో పడి మరణించి, రామానుగ్రహమున బ్రతికెనందురు. బహుళ ప్రచారము గల కీర్తనములలో ఆ ఊసు కానరాదు. కారాగారవాసము పండ్రెండేండ్లందురు. తానీషా 1672లో సింహాసనమెక్కెను. మాదన్న ప్రధాని యగుట ఆ తరువాతి మాట. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. మేనమామల వలననే ఉద్యోగము లభించెనను ప్రసిద్ధిని అంగీకరించినచో, ఉద్యోగము, వసూలు, ఆలయనిర్మాణము, చెర, విడుదల అన్నియు ఈ స్వల్పకాలమున ఇమడవలయును. కావున పండ్రెండను సంఖ్యను పాండవుల వనవాసమువంటి పురాణసంఖ్యగా గ్రహించుట యుక్తము. చెర నిజము, దాని దైర్ఘ్యము కథకులది. కాలము ఎంతయైనను, లోపలనున్నవానికి అది పండ్రెండేండ్లే.

ఇక ఆయన కోల్పోయినదేమో విచారింతము. తెలుగు వాగ్గేయకారులలో చెరను చవిచూచినవాడు రామదాసు ఒక్కడే కాడు. తాళ్లపాక చిన్నన్న ద్విపదగా రచించిన అన్నమాచార్య చరిత్రలో, సాళువ నరసింహరాయడు తనపై పదములు పాడుమనగా అన్నమయ్య నిరాకరించి సంకెలల పాలైన వృత్తాంతము కలదు. ఆ ఘట్టమున న్యాయము స్పష్టముగా కవి పక్షముననే ఉన్నది. దేవునకు అంకితమైన వాక్కును నరునకు అమ్మనన్నందుకు కలిగిన చెర అది. అట్టి చెర మానవుని గౌరవమును పెంచునే కాని తగ్గింపదు. రామదాసు స్థితి అట్టిది కాదు. ఆయన చెరకు కారణము లెక్కలోని లోటు. ప్రభుత్వము ఆయనను అడిగినది పాటను గాదు, పైకమును. ధర్మాసనము ఎదుట ఆయన పక్షము బలహీనము. సొమ్ము వసూలైన మాట నిజము, ఖజానాకు చేరని మాట నిజము. అది దైవకార్యమునకే వ్యయమైనదనుట సమాధానమగును గాని నిర్దోషిత్వము కాదు.

విమర్శకుడు ఈ చేదునిజమును దాటిపోరాదు. భక్తులు దానిని కప్పిపుచ్చిరి. రాముడే చేయించెను గావున దోషమే లేదనిరి. మరికొందరు దానినే పట్టుకొని, కీర్తనములన్నియు తప్పుచేసిన ఉద్యోగి పెట్టుకొన్న మొరలని తేలికపరచిరి. రెండు పక్షములవారును కీర్తనములను సరిగా వినలేదనియే చెప్పవలయును. ఏలయన రామదాసు తన లోటును దాచలేదు. దానినే పాటకు ఇతివృత్తము చేసెను. సామాన్యుడు తన పతనమును తలచుటకు సిగ్గుపడి, దానికి ముందున్న వైభవమునో, దానికి తరువాతి వైరాగ్యమునో పాడును. రామదాసు సరిగా పతనమునొద్దనే నిలిచి, పద్దుపుస్తకమును చేతబట్టి పాడెను.

దీనికి నిదర్శనము ఇక్ష్వాకు కులతిలకుని సంబోధించుచు ఆరంభమగు సుప్రసిద్ధ కీర్తనము. తెలుగుదేశమున ఈ పాట వినని రామభక్తుడు అరుదు. కాని దాని నిర్మాణమును పరికించినవారు తక్కువ. పల్లవిలో రాముని పలుకుమని వేడిన తోడనే కవి స్తోత్రమును విడిచి వ్యయవివరణమునకు దిగును. ఆలయము చుట్టును ప్రాకారము కట్టించితిననును, దానికి ఇన్నివేల వరహాలు పట్టెననును. భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము చేయించిన సంగతి వరుసగా చెప్పి, ప్రతిదానికి పట్టిన పైకమును నమోదుచేయును. రామునకు చేయించిన కలికితురాయితో ఆ పట్టిక ముగియును. వస్తువు పేరు, అది ఎవరికి చెందినది, దానికి పట్టిన ఖర్చు: ఈ మూడును ప్రతి చరణమున ఒకే క్రమమున వచ్చును. ఇది స్తోత్రపాఠముల నామావళి కాదు. కచేరీలో దస్తావేజుపై వ్రాయు పద్దు. పదపద్ధతి మారదు, వస్తువు మాత్రమే మారును. ముప్పూటల లెక్కలు చదివి వినిపించిన నోటనుండి గాని ఇట్టి చరణము వెలువడదు.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలయును. ఆ పద్దులలో అంకె మారదు. ప్రాకారమునకును పదివేలే, పతకమునకును పదివేలే, మొలత్రాటికిని పదివేలే. రాతిగోడకును మణుల పతకమునకును ఒకే మూల్యమగునా? నిజమైన జమాఖర్చులో అంకెలు ఇంత గుండ్రముగా ఉండవని ఆ తహశీలుదారునకు అందరికంటె బాగుగా తెలియును. ఇట్టి లెక్కను ఏ దివాణమును అంగీకరింపదు. కావున కవి ఇచ్చట పద్దుయొక్క ఆకారమును మాత్రము నిలుపుకొని, దానిలోని గణితమును తీసివేసెను. పదివేలు అనునది ఇక మొత్తమును తెలుపు సంఖ్య గాదు, శక్తికి మించినది అను అర్థమునకు సంకేతము. లెక్క వ్రాయు చేయి పాట వ్రాయు చేయిగా మారుచున్న క్షణము మనకు ఇచ్చట కనబడుచున్నది. వృత్తి పోయినను వృత్తి నేర్పిన పలుకుబడి పోలేదు. ఆ పలుకుబడికి క్రొత్త ప్రయోజనము దొరకినది.

పట్టిక ముగిసిన వెంటనే స్వరము మారును. ఇంత సొమ్ముతో సింగారించుకొని కులుకుచు తిరుగుచున్నావే, ఇది నీ తండ్రియైన దశరథుడు పెట్టినదా, నీ మామయైన జనకుడు పంపినదా, ఎవని అబ్బసొమ్మని రాముని నిలదీయును. ఈ ఘట్టమును భక్తునకు భగవంతునితో గల చనవునకు ఉదాహరణముగా చూపుట మన విమర్శలో పరిపాటి. నిందాస్తుతి యను పేరు పెట్టి తృప్తిపడుదుము. నాకు తోచునది వేరు. ఈ ప్రశ్న మొదట రామునకు వేసినది కాదు, గోపన్నకు వేసినది. దివాణపు అధికారులు ఆయనను నిలబెట్టి అడుగగల ప్రశ్న ఇదియే గదా: ఆలయము కట్టించితివి, నగలు చేయించితివి, ఇది నీ తండ్రి ఆర్జించినదా, నీ మామ ఇచ్చినదా, ఎవరి సొమ్మిది? కొరడాదెబ్బల నడుమ తాను విన్నట్టి ప్రశ్ననే రామదాసు పాటగా త్రిప్పి రామునకు వేయుచున్నాడు. విచారింపబడువాడు విచారించువాని భాషను గ్రహించెను. తనకు సమాధానము లేని ప్రశ్నను సమాధానము చెప్పగలవానికి అప్పగించెను.

ఈ దృష్టితో చూచినపుడు చివరి చరణములు క్రొత్త అర్థమును పొందును. తిట్టిన తోడనే కవి జడియును. తిట్టితినని మనసు కష్టపెట్టుకొనవలదనియు, దెబ్బలకు ఓర్వలేక నోరుజారితిననియు వేడుకొనును. రామదాసు సాహిత్యమున నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఈ మలుపే. నిందాస్తుతి సంప్రదాయమున కవి నిందించి నవ్వును. నింద వెనుక స్తుతి దాగియుండును. క్షమాపణకు అక్కడ తావులేదు. ఇక్కడి నింద నిజమైన నింద. దానికి కారణము దేహబాధ యని కవియే ఒప్పుకొనును. భక్తుడు తన ఓరిమి తప్పినదని అంగీకరించుట ఎంత అరుదో పురాణకథలు చదివినవారికి తెలియును. ప్రహ్లాదుడు ఏ హింసకును చలింపడు. రామదాసు చలించెను. చలించితినని చెప్పుకొనెను కూడ. అందువలననే దెబ్బలు తిన్న సామాన్యుడు ప్రహ్లాదునికి నమస్కరించును, రామదాసుతో కలిసి పాడును.

అయితే ఈ కీర్తనములో ఒక లోపమును చెప్పక తప్పదు. సొమ్ము ఎవరిదను ప్రశ్న రామునివరకు పోయినది గాని, శిస్తు కట్టిన రైతువరకు పోలేదు. దశరథుడు పెట్టలేదు, జనకుడు పంపలేదు, తానీషాయు పొలము దున్నలేదు. వరహాలు మొలిచినది పాల్వంచ పరగణా పొలములలో. ఆలయమునకై రైతులు ప్రీతితోనే ఇచ్చిరని కథకులు చెప్పుదురు. కాని కీర్తనమున ఆ చేతులు కానరావు. రాజు, దేవుడు, అధికారి అను ముగ్గురి నడుమనే వ్యవహారము సాగును. ఇది ఆ కాలపు ఉద్యోగి దృష్టికి గల హద్దు. గోపన్న వెంట తెచ్చుకొన్న కచేరీభాషతోపాటు కచేరీచూపును కొంత వచ్చినదనుట న్యాయము. ఆ హద్దును కూడ ఆయన దాటిన తావు కలదు. దానిని ముందు చూపుదును.

లెక్క చెప్పిన పిమ్మట ఉద్యోగి చేయునది అర్జీ పెట్టుకొనుట. రామదాసు కీర్తనములలో అర్జీలును కలవు. తనను బ్రోవుమని రామునితో చెప్పవలసినదిగా సీతమ్మను వేడు కీర్తనము అందరును ఎరిగినదే. సీతాదేవి జీవులపక్షమున స్వామికి విన్నవించునను పురుషకార భావన వైష్ణవ సంప్రదాయమున మునుపే కలదు. దానికి రామదాసు చేర్చినది సమయజ్ఞానము. ఎట్టి సమయమున, ఎట్టి ఏకాంతమున, ఎట్టి ప్రసన్నస్థితిలో విన్నపము చేయవలయునో ఆయన తెలిసి మాటలాడును. దొరల కొలువులో మెలగినవానికి తెలిసిన సంగతి ఇది. ఎంతటి న్యాయమైన విన్నపమైనను వేళగాని వేళ చెప్పినచో చెడును. అంతఃపురపు మాట సభలోని మాటకంటె లోతుగా దిగును. సంప్రదాయమిచ్చిన తత్త్వమును, కొలువు నేర్పిన లౌక్యమును ఆయన ఒక్క పాటలో అతికించెను. అతుకు కానరాదు.

అర్జీకి జవాబు రాలేదు. ఆ స్థితినుండి పుట్టినది పలుకే బంగారమాయెనా యను కీర్తనము. ఆ పలుకుబడి తెలుగింటి పలుకుబడి. ఎంత పిలిచినను మాటాడనివారిని మనము నేటికిని అట్లే ఎత్తిపొడుతుము. కాని అది రామదాసు నోట పడినపుడు దానికి రెండవ అర్థము కలుగుచున్నది. జీవితమంతయు బంగారమును లెక్కించినవాడు, ఆ బంగారము కారణముగానే చెరపడినవాడు, ఇపుడు బంగారముతో సమానమైనది మరియొకటి కలదని కనుగొనెను. అది ఎదుటివాని మాట. ఖజానాకు బాకీపడినవాడు ఇపుడు రామునినుండి తనకు రావలసిన బాకీని అడుగుచున్నాడు. ఆ బాకీ వరహాలు గాదు, ఒక్క పలుకు.

ఈ కీర్తనమునందే నేను ముందు చెప్పిన రెండవ మార్పు, కొలతలోని మార్పు, కానవచ్చుచున్నది. ఇసుకలో పొరలి సేతువునకు సాయపడిన ఉడుతను కవి ఇచ్చట స్మరించును. రాయిని నాతిగా మార్చిన కరుణను స్మరించును. నీతో పంతము పట్టుటకు నేనెంతవాడనని తగ్గును. ఇక్ష్వాకు కీర్తనముతో దీనిని పోల్చి చూడుడు. అక్కడ పదివేల పద్దులు, ఇక్కడ ఉడుత మేనికంటిన ఇసుకరేణువులు. అక్కడ ఇంత చేసితిని గదా యను హక్కు, ఇక్కడ ఏమియు చేయలేని చిన్నదానిని గూడ ఆదరించితివి గదా యను ఆశ. ఆలయము కట్టించిన మహాదాత స్థానమును విడిచి ఆయన ఉడుత స్థానమున నిలిచెను. నేను చెప్పుచున్నది భావక్రమమే గాని రచనాకాలక్రమము గాదు. రెండు భావములును ఒకే దినమున ఒకే హృదయమున కలుగవచ్చును. ఒకదానినుండి రెండవదానికి నడచిన దూరము మాత్రము సత్యము. ఉద్యోగము పోయినపుడు మనుష్యుని మొదట బాధించునది పోయిన ఆదాయము గాదు, పోయిన పరిమాణము. నిన్నటివరకు తన మాటతో కదలిన పరగణా నేడు కదలదు. ఆ పరిమాణమును తిరిగి తెచ్చుకొనజూచువాడు దుఃఖమునుండి వెలువడడు. రామదాసు చిన్నకొలతను అంగీకరించెను. అది ఓటమి వలె తోచును గాని, ఆయన క్రొత్త జీవితము ఆ అంగీకారమున మొదలైనది.

తారకమంత్రము దొరకినదను కీర్తనమున ఆ క్రొత్త జీవితము పూర్ణరూపమును దాల్చినది. కోరినది లభించినదనియు, తాను ధన్యుడైతిననియు ఆయన ఇచ్చట ప్రకటించును. ధన్యశబ్దము వాడుకలో అరిగిపోయి కృతార్థుడను సామాన్యార్థమున నిలిచినది. కాని దానిలో ధనము కలదు. ధనమును పొందినవాడను అర్థముననే పాణిని ఆ శబ్దమును సాధించెను. శతకకర్తయు సంస్కృతజ్ఞుడును అగు గోపన్నకు ఇది తెలియని సంగతి గాదు. ధనము కారణముగా అన్నియు పోగొట్టుకొన్నవాడు తన లాభమును చెప్పుకొనుటకు ధన్యశబ్దమును వాడుట యాదృచ్ఛికమైనను, వినువానికి జమాపద్దు పూర్తియైనట్లు తోచును. ఖర్చు వ్రాసిన చేతితోనే ఆయన జమ వ్రాసెను.

ఇంతకంటె ముఖ్యమైనది ఆ కీర్తనములోని సంబోధనము. ఇందు ఆయన రాముని పిలుచుటలేదు. అన్నా యని తోడి జనులను పిలుచుచున్నాడు. పరగణాలో అధికారియై యుండగా రైతుతో ఆయన మాటలాడిన రీతి ఆజ్ఞారీతియే అయియుండవలయును. వసూలుచేయువాని భాష మరియొకటి కాజాలదు. ఇపుడు అదే జనుని వరుస కలిపి అన్నా యనుచున్నాడు. అడుగుటకు గాక, తనకు దొరకినది చెప్పుటకై పిలుచుచున్నాడు. ఇక్ష్వాకు కీర్తనమున కానరాని రైతు ఇచ్చట ఆయన ఎదుట నిలిచియున్నాడు. నేను ముందు చెప్పిన హద్దును ఆయన దాటినది ఇచ్చటనే. జనులవద్ద పుచ్చుకొనుటయే వృత్తిగా గలవాడు జనులకు ఇచ్చువాడైనపుడు ఆయన రూపాంతరము ముగిసినది. కారాగారపు తలుపు తెరువబడుట దానికి తరువాతి మాట.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. గోపన్న దాశరథీ శతకమును చెప్పిన పండితకవి గదా, కవిత్వము ఆయనకు చెరలో క్రొత్తగా లభించినది గాదు గదా యని. నిజము. ఉత్పలమాల, చంపకమాలలలో ప్రౌఢముగా సాగిన ఆ శతకమున ఆయన తన గోత్రమును, వంశమును, తండ్రిపేరును శిష్టసంప్రదాయము ననుసరించి చెప్పుకొనెను. కీర్తనములలో ఆ వివరములు లేవు. భద్రాద్రి రామదాసు అను ముద్ర మాత్రమే కలదు. వంశమునుబట్టి తన్ను చెప్పుకొన్నవాడు దాస్యమునుబట్టి తన్ను చెప్పుకొనెను. పద్యమునుండి పాటకును, సమాసమునుండి ఇంటిమాటకును, ఒక్కొక్కచో తిట్టునకును ఆయన దిగివచ్చెను. కొందరు పండితులు కీర్తనముల భాష మోటని, వ్యాకరణశుద్ధి లేదని తప్పుపట్టుదురు. శుద్ధమైన భాష ఆయనకు వచ్చునని శతకమే సాక్ష్యమిచ్చుచున్నది. రానివాడు మోటుగా పలుకుట వేరు, వచ్చినవాడు తన బాధకు అది చాలదని గ్రహించి మోటుమాటను ఎన్నుకొనుట వేరు. క్రొత్త మనుష్యునకు క్రొత్త భాష కావలసివచ్చినది. ఆ భాషను ఆయన కచేరీనుండియు, ఇంటినుండియు తీసికొనెను.

లోకము తన కథలో ఈ జమాఖర్చును తనదైన రీతిని పూర్తిచేసెను. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలను పేర రాత్రివేళ తానీషాయొద్దకు వచ్చి ఆరులక్షల పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని కథ. దేవుడు రసీదు అడుగుట మరి ఏ భక్తుని కథలోను నేను వినలేదు. గజేంద్రుని రక్షించినపుడు గాని, ద్రౌపది మానము కాపాడినపుడు గాని కాగితముతో పనిలేకపోయెను. కాని ఇది తహశీలుదారు కథ. ముట్టినట్లు చీటి లేనిదే బాకీ తీరదని ఈ కథ అల్లిన జనులకు తెలియును. వారు రామదాసు కీర్తనములను చక్కగా విన్నవారనుటకు ఈ రసీదు చాలిన నిదర్శనము. అయినను కథకును కీర్తనమునకును భేదము కలదు. కథ లెక్కను తేల్చి పుస్తకమును మూయును. కీర్తనములో లెక్క తేలదు. రాముడు పలికెనని పలుకే బంగారమాయెనా కీర్తనము చెప్పదు. తేలని లెక్కతో బ్రదుకుటయే పాట నేర్పునది.

చరిత్ర ఈ కథకు చేర్చిన చివరి పుట మరియొకటి కలదు. 1687లో, ఎనిమిది మాసముల ముట్టడి పిదప గోలకొండ పడిపోయెను. తానీషాను ఔరంగజేబు దౌలతాబాదు కోటలో బంధించెను. సింహాసనమెక్కక పూర్వము సూఫీగురువైన షా రాజు సేవలో ఉండిన ఆ పాదుషా తన శేషజీవితమును, సుమారు పండ్రెండేండ్లను, చెరలోనే గడపి అచ్చటనే మరణించెను. చెరవేసినవాడును చెరపడెను. దీనిని దైవశిక్షగా చూపుట నా ఉద్దేశము గాదు. తెలుగువారును అట్లు చూడలేదు. భద్రాచలమున సీతారామకల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును తానీషా పేరనే చెప్పుకొనుచున్నారు. నేటి ప్రభుత్వమును ఆ ఆచారమును పాటించుచున్నది. రామదాసు కథలో తానీషా శత్రువుగా మిగులలేదు. కీర్తనములలోను పాదుషాపై ద్వేషము ప్రధానము గాదు. వాదమంతయు రామునితోనే. తన్ను పడద్రోసినవానిని తలచుకొనుచు కూర్చుండినచో గోపన్న గోపన్నగనే మిగిలియుండెడివాడు.

త్యాగరాజస్వామి క్షీరసాగరశయన యను కృతిలో రామదాసు బంధవిమోచనమును తాను విన్నట్లు స్మరించెను. ప్రహ్లాదభక్తివిజయమున ఆయనను స్తుతించెను. గోలకొండకు అంత దూరమున, తిరువాయూరునకు ఆ వార్త నూరేండ్లు దాటిన పిదప చేరుటకు వాహనము పాటయే. ఆ పాటల తొలి వరుసలు పెక్కింటికి నిలువలేదు. ఇరువదవ శతాబ్దమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రభృతులు వానిని మరల ప్రచారమునకు తెచ్చిరి. తమ వరుసలను పోగొట్టుకొని మరల పాడబడుట కర్తకువలెనే కీర్తనములకును సంభవించినది.

గోలకొండకు దక్షిణముగా, హైదరాబాదునుండి శంషాబాదునకు పోవు రాజమార్గముపై సాతంరాయి గ్రామము కలదు. శంషాబాదు చేరువ నర్కుడ పొలిమేరలో అమ్మపల్లి సీతారామాలయము కలదు. ఒకప్పుడు పొలములతో నిండియుండిన ఈ సీమలో 2008లో విమానాశ్రయము వెలసినది. దానికై వేలకొలది ఎకరములు సేకరింపబడినవి. భూమితోపాటు కులక్రమాగతమైన సేద్యమును కోల్పోయి, నడివయస్సున వేరు పనులకు మరలినవారి కుటుంబములు ఈ ప్రాంతమున కలవు. భూమికి పరిహారము వరహాలలో చెల్లును. దున్నుట తెలిసిన చేతికి పరిహారమేమి? ఆ చేయి తాను నేర్చినది మరువవలయునని లోకము చెప్పును. బందిఖానానుండి వచ్చిన పాట అట్లు చెప్పదు. నేర్చినది నీతోనే యుండుగాక, దానిని ఎవరి యెదుట, ఏ కొలతతో నిలుపుదువో అది మార్చుకొనుమని చెప్పును. రామదాసు కీర్తనములకు నేటి జీవితముతో గల సంబంధము ఇదియే.

తుదకు ఒక మనవి. రామదాసు కీర్తనముల ప్రతులలో వరహాలని ఒకచో, మొహరీలని మరియొకచో కానవచ్చును. కొన్ని ముద్రణములలో మోటుమాటలు మృదువుగా దిద్దబడుచుండును. తిట్టును తగ్గించుట, నాణెములపేర్లను ఏకరూపము చేయుట, పునరుక్తమైన పదివేలను తొలగించుట సంస్కరణమని పరిష్కర్తలు తలంపవచ్చును. అట్లు చేసినచో భక్తకవి మిగులును గాని, తహశీలుదారు మాయమగును. ఆ తహశీలుదారు లేనిదే రామదాసు లేడు. కావున పరిష్కర్తలు ఆ పద్దులను, ఆ నాణెములను, ఆ తిట్టును, దాని వెంటనే వచ్చు క్షమాపణను ఉన్నవి ఉన్నట్లుగా నిలుపవలయునని ప్రార్థించుచున్నాను.